మ్యాప్ జరిపితే డేటా లేటుగా వస్తోందా? ముందు క్వెరీ సంగతి చూడండి

వెబ్ మ్యాప్ స్లోగా ఉందనగానే చాలామంది సర్వర్ పెద్దది తీసుకుందాం అంటారు, లేదంటే లీఫ్‌లెట్ తీసేసి మ్యాప్‌లిబ్రే పెడదాం అంటారు (రెండూ బ్రౌజర్‌లో మ్యాప్ గీసే లైబ్రరీలు). అవి కూడా పనికొస్తాయి, కాదనను, కానీ నేను మాత్రం ముందు డేటాబేస్ క్వెరీ (డేటా కావాలని డేటాబేస్‌ని అడిగే ప్రశ్న) దగ్గరే కూర్చుంటాను. మామూలు యాప్‌లో యూజర్ బటన్ నొక్కితే ఒక క్వెరీ వెళ్తుంది, అదే మ్యాప్‌లో అయితే వేలు పెట్టి ఇటు జరిపి అటు జరిపి జూమ్ చేసేలోపే పదో పదిహేనో క్వెరీలు వెళ్లిపోతాయి. ఒక్కోటి రెండు సెకన్లు పట్టిందంటే ఎంత పెద్ద సర్వరైనా చాలదు.

ఇందులో పట్టుకోవాల్సిన విషయం ఒకటే. స్క్రీన్ మీద ఇప్పుడు కనపడేది ఎంతో, ఈ జూమ్‌లో కంటికి ఆనేది ఎంతో, డేటాబేస్‌ని అంతే అడగాలి. కింద చెప్పేదంతా దీన్ని పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో, దానికి మ్యాప్ డేటా పనులు నేర్పే పోస్ట్‌జీఐఎస్ ఎక్స్‌టెన్షన్‌తో ఎలా చేయాలన్నదే. మైఎస్‌క్యూఎల్‌లో కూడా స్పేషియల్ ఇండెక్స్ (స్థలాన్ని బట్టి త్వరగా వెతికిపెట్టే ఏర్పాటు) ఉంది, ఫంక్షన్ల పేర్లు కొన్ని మారతాయి గానీ ఆలోచన అదే.

ముందు కొలవండి

ఏ క్వెరీ స్లోనో ఊహించుకుని బాగుచేయడం మొదలుపెట్టొద్దు. పీజీ_స్టాట్_స్టేట్‌మెంట్స్ అనే ఎక్స్‌టెన్షన్ ఆన్ చేయండి (షేర్డ్ ప్రీలోడ్ లైబ్రరీస్‌లో పెట్టాలి కాబట్టి ఒకసారి రీస్టార్ట్ తప్పదు), ఒకరోజు ట్రాఫిక్ నడవనిచ్చి మొత్తం టైమ్ ఎక్కువ తిన్న క్వెరీలేవో చూడండి. ఒక్కసారికి ఎంత పట్టిందన్నది కాదు, మొత్తం కలిపి ఎంత పట్టిందన్నది చూడాలి. రోజుకి నాలుగుసార్లు నడిచే 5 సెకన్ల రిపోర్ట్ కన్నా, లక్షసార్లు నడిచే 200 మిల్లీసెకన్ల క్వెరీయే మీ డేటాబేస్‌ని ఎక్కువ సతాయిస్తుంది.

క్వెరీ దొరికాక దాని ముందు ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్, బఫర్స్ ఆప్షన్‌తో పెట్టి నడపండి, పోస్ట్‌గ్రెస్ దాన్ని ఎలా నడిపిందో చెప్పే ప్లాన్ వస్తుంది. ఉదాహరణకి 20 లక్షల పాయింట్లున్న టేబుల్ ఒకటి ఉందనుకుందాం, స్క్రీన్‌లో పడేవి 1500. ప్లాన్‌లో సీక్వెన్షియల్ స్కాన్ అని ఉండి, దాని కింద 'రోస్ రిమూవ్డ్ బై ఫిల్టర్' దగ్గర 19,98,500 అని కనపడితే ఇక వేరే ఏమీ చూడక్కర్లేదు, అంటే 1500 పాయింట్ల కోసం టేబుల్ మొత్తం చదివి మిగతావన్నీ పారేస్తోందని. (ప్యారలల్ స్కాన్ అయితే ఆ అంకె లూపుల మీద సగటుగా చూపిస్తుంది, లూప్స్ ఎన్నో చూసి గుణించుకోండి.) మీకు కావాల్సిన ప్లాన్ ఇంకోలా ఉంటుంది. 'ఇండెక్స్ కండ్' అనే లైన్‌లో && గుర్తు ఉండాలి, అంటే బౌండింగ్ బాక్సులు (ఆకారాన్ని చుట్టేసే దీర్ఘచతురస్రాలు) తగులుతున్నాయో లేదో ఇండెక్సే చెప్పేస్తోందని అర్థం, ఆ కింద 'ఫిల్టర్' లైన్‌లో ఎస్‌టీ_ఇంటర్‌సెక్ట్స్ ఉండాలి, అంటే ఇండెక్స్ వడపోసిన కొద్దిమంది మీదే అసలు లెక్క జరుగుతోందని. ఈ రెండు లైన్లు గుర్తుపట్టడం వస్తే సగం పని అయినట్టే.

ఇంకో సంగతి, దీన్ని చాలామంది గమనించరు. ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్ రిజల్ట్‌ని క్లయింట్‌కి పంపదు. జామెట్రీ కాలమ్‌ని (ఆకారాలు దాచే కాలమ్) అలాగే సెలెక్ట్ చేస్తే, పెద్ద పాలిగాన్లను డిస్క్ నుంచి విప్పి టెక్స్ట్‌గా మార్చి నెట్‌వర్క్ మీద పంపే ఖర్చు అందులో కనపడదు. అందుకే ప్లాన్‌లో 40 మిల్లీసెకన్లుంటుంది, బ్రౌజర్‌లో మూడు సెకన్లు పడుతుంది, మధ్యలో ఏమైందో అర్థం కాదు. పోస్ట్‌గ్రెస్ 17లో సీరియలైజ్ అనే ఆప్షన్ వచ్చింది, అది పెడితే ఆ మార్చే ఖర్చు కూడా చూపిస్తుంది (నెట్‌వర్క్ టైమ్ అప్పటికీ అందులో ఉండదు). పాత వెర్షన్‌లో ఉంటే ఎస్‌టీ_యాజ్‌జియోజేసన్‌ని (జామెట్రీని జియోజేసన్ అనే టెక్స్ట్ రూపంలోకి మార్చే ఫంక్షన్) క్వెరీలోనే పెట్టి కొలవండి, అప్పుడు ఆ పని కూడా లెక్కలోకి వస్తుంది.

ఇండెక్స్ ఉన్నా వాడట్లేదంటే

జామెట్రీ కాలమ్ మీద జిస్ట్ ఇండెక్స్ (పోస్ట్‌జీఐఎస్ వాడే స్పేషియల్ ఇండెక్స్) ఉండాలి, అది లేకపోతే ఈ గైడ్ ఇక్కడే ఆపి ముందు అది వేసి రండి. లైవ్‌లో ఉన్న టేబుల్ అయితే కన్‌కరెంట్లీ అని పెట్టి క్రియేట్ చేయండి, టైమ్ ఎక్కువ పడుతుంది గానీ రైట్లు ఆగవు. లాటిట్యూడ్, లాంగిట్యూడ్ రెండు వేరే వేరే కాలమ్స్‌గా పెట్టి రెండింటి మీదా మామూలు బీ-ట్రీ ఇండెక్స్ వేసుకున్నవాళ్లు చాలామంది ఉంటారు, చిన్న డేటాకి నడుస్తుంది, కానీ బీ-ట్రీకి ఒక దిశే తెలుసు. లాటిట్యూడ్ ప్రకారం ఒక అడ్డపట్టీ మొత్తం తెస్తుంది, లాంగిట్యూడ్ ప్రకారం ఒక నిలువుపట్టీ మొత్తం తెస్తుంది, ఆ రెండింటినీ కలిపి చూసుకోవాలి. జిస్ట్ అలా కాదు, అది ఆర్-ట్రీ పద్ధతి (1984లో ఆంటొనిన్ గట్‌మన్ ప్రతిపాదించింది), పెట్టెలో చిన్న పెట్టెలు, వాటిలో ఇంకా చిన్న పెట్టెలుగా పేర్చి ఉంచుతుంది, మీ స్క్రీన్‌కి తగలని పెద్ద పెట్టెని తెరవను కూడా తెరవదు.

ఇండెక్స్ ఉన్నా సీక్వెన్షియల్ స్కాన్ వస్తోందంటే, చాలాసార్లు కారణం వేర్ కండిషన్‌లో కాలమ్ మీద ఫంక్షన్ వాడటం. డేటా 4326లో (డిగ్రీల్లో లాంగిట్యూడ్, లాటిట్యూడ్) ఉంటుంది, మ్యాప్ 3857 (వెబ్ మ్యాప్‌లు వాడే, మీటర్ల లెక్కలో ఉండే కోఆర్డినేట్ పద్ధతి) అడుగుతుంది, దాంతో కాలమ్‌నే ఎస్‌టీ_ట్రాన్స్‌ఫార్మ్‌లో పెట్టి స్క్రీన్ బాక్స్‌తో పోలుస్తారు. ఇండెక్స్ ఉన్నది అసలు కాలమ్ మీద, ట్రాన్స్‌ఫార్మ్ చేసిన దాని మీద కాదు, కాబట్టి పోస్ట్‌గ్రెస్ 20 లక్షల పాయింట్లనీ ఒక్కొక్కటిగా మార్చి చూస్తుంది. తిప్పి రాయండి: కాలమ్‌ని ముట్టుకోకుండా, స్క్రీన్ బాక్స్‌నే 4326కి మార్చి పోల్చండి. మార్చాల్సింది ఒక్క బాక్స్, ఒక్కసారి. తేడా మీరే చూస్తారు.

దూరం విషయంలోనూ ఇదే కథ. 'ఎస్‌టీ_డిస్టెన్స్ 500 కన్నా తక్కువ' అని రాస్తే ఇండెక్స్ వాడదు, ఎందుకంటే ప్రతి రోకీ (టేబుల్‌లోని ఒక్కో వరసకీ) దూరం లెక్కేస్తే తప్ప 500 కన్నా తక్కువో కాదో దానికి తెలీదు. పాయింట్ చుట్టూ ఎస్‌టీ_బఫర్‌తో వలయం గీసి ఇంటర్‌సెక్ట్స్ పెట్టడం కూడా కొందరి అలవాటు, అది ఇండెక్స్ వాడుతుంది గానీ వలయం అసలైన వృత్తం కాదు, పావు వృత్తానికి 8 ముక్కల చొప్పున గీసిన పాలిగాన్, అంచుల దగ్గర కొన్ని పాయింట్లు తప్పిపోతాయి, పైగా అనవసరంగా బరువు. రెండు చోట్లా ఎస్‌టీ_డీవితిన్ వాడండి, అది ముందు ఇండెక్స్‌తో వడపోసి ఆ తర్వాతే దూరం లెక్కేస్తుంది.

అయితే ఆ 500 అనేది ఏమిటో చూసుకోండి. 4326 జామెట్రీ అయితే అది 500 డిగ్రీలు, అంటే భూగోళం మొత్తం వచ్చేస్తుంది! 3857 అయితే మీటర్లే అంటారు గానీ నిజం మీటర్లు కావు, భూమధ్యరేఖ నుంచి దూరం వెళ్లేకొద్దీ సాగిపోతాయి, 60 డిగ్రీల అక్షాంశం దగ్గర అసలు దూరానికి రెట్టింపు చూపిస్తుంది. నిజమైన మీటర్లు కావాలంటే జియోగ్రఫీ టైప్ (గుండ్రటి భూమి మీదే దూరం లెక్కేసేది) వాడండి, లేదా మీ ప్రాంతానికి సరిపోయే యూటీఎం జోన్ (భూమిని నిలువుపట్టీలుగా చేసి మీటర్లలో కొలిచే పద్ధతిలో ఒక పట్టీ) వాడండి. జామెట్రీ కాలమ్‌ని క్వెరీలో జియోగ్రఫీగా క్యాస్ట్ చేస్తున్నారంటే మళ్లీ పాత సమస్యే, ఇండెక్స్ పనికిరాదు, కాబట్టి ఆ క్యాస్ట్ చేసిన ఎక్స్‌ప్రెషన్ మీదే ఇంకో జిస్ట్ ఇండెక్స్ వేయండి.

రిజల్ట్ ఖాళీగా వస్తుంటే లాటిట్యూడ్, లాంగిట్యూడ్ తారుమారయ్యాయేమో కూడా ఒకసారి చూడండి. పోస్ట్‌జీఐఎస్‌కీ జియోజేసన్‌కీ లాంగిట్యూడ్ ముందు, లీఫ్‌లెట్‌కి లాటిట్యూడ్ ముందు.

దగ్గరలో ఉన్న పది చూపించు

'నాకు దగ్గరలో' అనే బటన్ దాదాపు ప్రతి మ్యాప్ యాప్‌లోనూ ఉంటుంది. దీనికి దూరం లెక్కేసి, ఆర్డర్ బై పెట్టి, లిమిట్ 10 అని రాస్తే టేబుల్ మొత్తానికి దూరం లెక్కేసి సార్ట్ చేస్తుంది. ఆర్డర్ బైలో <-> ఆపరేటర్ వాడండి, అప్పుడు జిస్ట్ ఇండెక్సే దగ్గరి నుంచి దూరానికి వరసగా ఒక్కొక్కటి ఇస్తూ పోతుంది, పది రాగానే ఆగిపోతుంది. కాలమ్ ఒకవైపు, రెండోవైపు స్థిరమైన పాయింట్ ఉండాలి, అప్పుడే ఇది పనిచేస్తుంది.

ఇందులో ఒక చిక్కు ఉంది. 'దగ్గరలో 24 గంటలూ తెరిచి ఉండే మందుల షాపులు' లాంటి అరుదైన ఫిల్టర్ పెట్టారనుకోండి, ఇండెక్స్ దగ్గరి నుంచి ఒక్కో స్థలం ఇస్తుంటే ఫిల్టర్ కాదు కాదు అని పారేస్తుంటుంది, పది దొరకడానికి వేల రోలు నడవాల్సి రావచ్చు. అలాంటి ఫిల్టర్ తరచూ వాడుతుంటే దానికే పార్షియల్ ఇండెక్స్ వేయండి, అంటే జిస్ట్ ఇండెక్స్‌కే వేర్ కండిషన్ పెట్టడం. చిన్న ఇండెక్స్, మెమరీలో ఇట్టే పడుతుంది, నేరుగా జవాబు ఇస్తుంది.

పెద్ద పాలిగాన్లు

పాయింట్ల వరకు అంతా బాగానే నడిచి, జిల్లాల సరిహద్దులో నదులో లేయర్ ఆన్ చేయగానే మ్యాప్ కూలబడుతోందంటే కారణం ఇక్కడుంటుంది. ఒక నదిని తీసుకోండి, మూల నుంచి మూలకి ఐమూలగా పారుతోంది. దాని బౌండింగ్ బాక్స్ అంటే ఆ ప్రాంతం మొత్తం పట్టే పెద్ద దీర్ఘచతురస్రం, నది నిజంగా ఉన్నది మాత్రం అందులో సన్నటి చార. మీ స్క్రీన్ నదికి వంద కిలోమీటర్ల దూరంలో ఉన్నా బాక్స్ లోపలే ఉంది కాబట్టి ఇండెక్స్ ఔననే చెప్తుంది, అప్పుడు పోస్ట్‌గ్రెస్ ఆ నది మొత్తాన్ని, లక్ష వెర్టెక్సులు (గీతని కట్టే బిందువులు) ఉంటే లక్షా, తెచ్చి లెక్కేసి చివరికి లేదని తేలుస్తుంది. తేవడం కూడా తేలిక కాదు, ఎందుకంటే సుమారు 2 కేబీ దాటిన రోల్లో పెద్ద విలువల్ని పోస్ట్‌గ్రెస్ టోస్ట్ అనే పక్క టేబుల్‌లో కంప్రెస్ చేసి ముక్కలుగా దాస్తుంది, వాడాల్సి వచ్చిన ప్రతిసారీ ఆ ముక్కలన్నీ ఏరి విప్పాలి.

దీనికి మందు ఎస్‌టీ_సబ్‌డివైడ్. పాలిగాన్‌ని చిన్న ముక్కలు చేసి వేరే టేబుల్‌లో పెట్టండి, మామూలుగా ఒక్కో ముక్కకి 256 వెర్టెక్సులకి మించకుండా కోస్తుంది, ప్రతి ముక్కతో పాటు అసలు ఐడీ కూడా ఉంచుకోండి, ఆ టేబుల్ మీద జిస్ట్ ఇండెక్స్ వేయండి. ఇప్పుడు ప్రతి ముక్కకీ దాని చిన్న బాక్స్ ఉంటుంది, స్క్రీన్‌కి తగిలే రెండు మూడు ముక్కలే బయటికొస్తాయి. 'ఈ పాయింట్ ఏ జిల్లాలో ఉంది' లాంటి జాయిన్లకి ఇంతకన్నా మంచి ఉపాయం నాకు కనపడలేదు. లైన్లు, ప్రాంతాలు వెతికేటప్పుడు ఒకే ఐడీ రెండుసార్లు రావచ్చు, డిస్టింక్ట్ పెట్టుకోండి. సరిహద్దు గీతలు గీయడానికి మాత్రం ఈ ముక్కల టేబుల్ వాడొద్దు, కోసిన గీతలన్నీ మ్యాప్ మీద కనపడతాయి. వెతకడానికి ముక్కలు, గీయడానికి అసలు జామెట్రీ.

జూమ్‌ని బట్టి డేటా

256 పిక్సెళ్ల టైల్ (మ్యాప్‌ని కోసిన చదరపు ముక్క) లెక్కలో జూమ్ 0 దగ్గర ఒక్క పిక్సెల్ అంటే భూమధ్యరేఖ దగ్గర సుమారు 156 కిలోమీటర్లు. ఒక్కో జూమ్ పెరిగేకొద్దీ సగం అవుతుంది, జూమ్ 8కి 611 మీటర్లు, జూమ్ 14కి తొమ్మిదిన్నర మీటర్లు. జూమ్ 8లో మీటరు మీటరుకీ వెర్టెక్స్ ఉన్న సరిహద్దు పంపితే, ఒక్క పిక్సెల్‌లో కొన్ని వందల వెర్టెక్సులు కుక్కుతున్నట్టు, చూసేవాళ్లకి ఒక్కటీ కనపడదు, డేటాబేస్ నుంచి ఫోన్ దాకా అందరూ మాత్రం వాటిని మోయాల్సిందే.

ఎస్‌టీ_సింప్లిఫై (వెర్టెక్సులు తగ్గించే ఫంక్షన్) క్వెరీలోనే పెడితే పంపే సైజ్ తగ్గుతుంది, నిజమే. కానీ సింప్లిఫై చేయడానికైనా పూర్తి జామెట్రీని టోస్ట్ నుంచి విప్పాలి కదా, అంటే డేటాబేస్ శ్రమ తగ్గలేదు. సరిహద్దులు రోజూ మారవు కాబట్టి ముందే చేసిపెట్టుకోవడం మేలు: జూమ్ 0 నుంచి 5 దాకా ఒక టేబుల్, 6 నుంచి 9 దాకా ఒకటి, 10 పైన అసలుది. టాలరెన్స్ (ఆకారం ఎంత మారినా పర్లేదో ఆ హద్దు) ఆ జూమ్ పిక్సెల్ సైజ్‌కి దగ్గరగా పెట్టండి. పక్కపక్క పాలిగాన్లని విడివిడిగా సింప్లిఫై చేస్తే మధ్యలో ఖాళీలు, అతుకులు వస్తాయి, రెండు జిల్లాల మధ్య తెల్ల గీతలు కనపడేది అందుకే. పోస్ట్‌జీఐఎస్ 3.4 నుంచి ఎస్‌టీ_కవరేజ్‌సింప్లిఫై ఉంది (దాని వెనకాల ఉండే జియోస్ లైబ్రరీ 3.12 కావాలి), ఉమ్మడి అంచుని ఇద్దరికీ ఒకేలా తగ్గిస్తుంది.

పాయింట్లకి వేరే దారి. జూమ్ 5లో రెండు లక్షల పాయింట్లు చూపించి లాభం లేదు, గ్రిడ్ గళ్లలోకి ఎస్‌టీ_స్నాప్‌టుగ్రిడ్‌తో చేర్చి, గ్రూప్ బై చేసి, గడికి ఎన్నో అంకె పంపండి. దీన్ని మెటీరియలైజ్డ్ వ్యూగా (క్వెరీ జవాబుని ముందే టేబుల్‌లా దాచిపెట్టేది) పెట్టి గంటకోసారి రిఫ్రెష్ చేస్తే సరిపోతుంది, కన్‌కరెంట్లీ రిఫ్రెష్ చేయాలంటే దాని మీద యునీక్ ఇండెక్స్ ఉండాలి.

ఒక్కటి మాత్రం చేయొద్దు. పాయింట్లు ఎక్కువయ్యాయని ఆర్డర్ బై లేకుండా లిమిట్ 1000 పెట్టొద్దు. ఏ వెయ్యి వస్తాయో ఎవరికీ తెలీదు, యూజర్ మ్యాప్‌ని కొంచెం జరపగానే ఇందాక ఉన్న చుక్క మాయమై ఇంకోటి పుట్టుకొస్తుంది, డేటా తప్పేమో అనుకుంటారు. లిమిట్ పెట్టక తప్పకపోతే ముఖ్యమైనవి ముందు వచ్చేలా ఒక ర్యాంక్ కాలమ్ ప్రకారం ఆర్డర్ పెట్టండి.

బాక్స్ అడగడం ఆపి టైల్ అడగండి

స్క్రీన్ నాలుగు మూలలు పంపి జియోజేసన్ తెచ్చుకోవడం మొదలుపెట్టడానికి బాగుంటుంది. కానీ ఏ ఇద్దరి స్క్రీన్ మూలలూ ఒకటిగా ఉండవు, ఒకే మనిషి రెండుసార్లు జరిపినా ఒకటి కావు, కాబట్టి క్యాష్ చేయడానికి వీల్లేదు, ప్రతి కదలికకీ కొత్త క్వెరీయే. టైల్ అయితే జూమ్, ఎక్స్, వై మూడే అంకెలు, అదే ఊరు చూసేవాళ్లందరూ అవే టైల్స్ అడుగుతారు, మొదటి మనిషికి ఒకసారి క్వెరీ నడిస్తే మిగతావాళ్లకి సీడీఎన్ (కాపీలు దాచుకుని పంచే సర్వర్లు) నుంచే వెళ్లిపోతుంది. జూమ్ 0 నుంచి 8 వరకు ప్రపంచం మొత్తానికి టైల్స్ 87,381 మాత్రమే, కావాలంటే ముందే చేసి పెట్టుకోవచ్చు. జూమ్ 14 ఒక్కదానికే 26.8 కోట్ల పైన, అవి అడిగినప్పుడు చేసుకుందాం.

క్వెరీ ఇలా ఉంటుంది. ఎస్‌టీ_టైల్‌ఎన్వలప్ (పోస్ట్‌జీఐఎస్ 3.0 నుంచి ఉంది) జూమ్, ఎక్స్, వై ఇస్తే 3857లో బాక్స్ ఇస్తుంది, మీ డేటా 4326 అయితే ఆ బాక్స్‌ని మార్చి && తో వడపోయండి, వచ్చిన వాటిని 3857కి మార్చి ఎస్‌టీ_యాజ్‌ఎంవీటీజామ్‌తో టైల్ లోపలి 4096 గళ్ల కొలతకి దించండి, ఆ పైన ఎస్‌టీ_యాజ్‌ఎంవీటీతో ఒక్క బైనరీగా (ఎంవీటీ అంటే మ్యాప్‌బాక్స్ వెక్టర్ టైల్) కట్టేయండి. మరీ చిన్నగా అయిపోయిన ఆకారాలు మధ్యలో నల్‌గా వస్తాయి, వాటిని వడకట్టేయండి. అన్నిటికన్నా ముఖ్యంగా స్టార్ పెట్టి కాలమ్స్ అన్నీ టైల్‌లోకి తోయొద్దు, రంగు వేయడానికి, క్లిక్ చేస్తే గుర్తుపట్టడానికి కావాల్సిన రెండు మూడు కాలమ్స్ చాలు, వివరాలు క్లిక్ చేసినప్పుడు ఐడీతో అడగొచ్చు. ఇదంతా చేతితో రాయలేమనుకుంటే పీజీ_టైల్‌సర్వ్, మార్టిన్ లాంటి టూల్స్ ఉన్నాయి, కానీ వెనకాల అవి రాసేది కూడా ఇలాంటి క్వెరీయే, ఇండెక్స్ లేకపోతే అవీ స్లోనే.

జియోజేసన్‌లోనే ఉండాల్సి వస్తే కనీసం దశాంశాలు తగ్గించండి. ఎస్‌టీ_యాజ్‌జియోజేసన్ మామూలుగా 9 అంకెల దాకా ఇస్తుంది, 6 అంకెలే సుమారు 11 సెంటీమీటర్ల కచ్చితత్వం, మ్యాప్‌కి అది చాలా ఎక్కువ.

క్వెరీ ఆగిందా నిజంగా?

యూజర్ మ్యాప్‌ని జరుపుతుండగా ప్రతి పిక్సెల్‌కీ రిక్వెస్ట్ పంపకుండా, ఆగాక 200, 300 మిల్లీసెకన్లు చూసి పంపాలన్నది చాలామందికి తెలుసు. పాత రిక్వెస్ట్‌ని బ్రౌజర్‌లో అబార్ట్ చేయాలనీ తెలుసు. కానీ బ్రౌజర్ వదిలేసినంత మాత్రాన డేటాబేస్ వదలదు, మీ బ్యాకెండ్ ప్రత్యేకంగా క్యాన్సిల్ పంపితే తప్ప ఆ క్వెరీ చివరిదాకా నడుస్తూనే ఉంటుంది, ఎవరూ చూడని జవాబు కోసం సీపీయూ తింటూ. మీరు వాడే డ్రైవర్ క్యాన్సిల్ పంపుతుందా లేదా పీజీ_స్టాట్_యాక్టివిటీలో (ఇప్పుడు నడుస్తున్న క్వెరీలు చూపించేది) కళ్లారా చూడండి, ఎలాగైనా మ్యాప్ వాడే డేటాబేస్ యూజర్‌కి స్టేట్‌మెంట్ టైమౌట్ 5 సెకన్లో ఎంతో పెట్టండి. ఐదు సెకన్ల తర్వాత వచ్చే టైల్‌ని చూడటానికి అక్కడ ఎవరూ ఉండరు.

ఇక డేటా పెద్దఎత్తున లోడ్ చేసిన వెంటనే అనలైజ్ కమాండ్ (ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్ కాదు, టేబుల్ లెక్కలు తాజా చేసేది) నడపండి, లేకపోతే ప్లానర్ పాత లెక్కలతో తప్పు ప్లాన్ ఎంచుకుంటుంది. డిస్క్ ఎస్‌ఎస్‌డీ అయితే ర్యాండమ్_పేజ్_కాస్ట్ సెట్టింగ్‌ని 4 నుంచి 1.1కి దించండి, ప్లానర్ ఇండెక్స్ వైపు మొగ్గుతుంది. పెద్దగా మారని టేబుల్ అయితే జామెట్రీ ప్రకారం ఆర్డర్ బై పెట్టి కొత్త టేబుల్‌గా రాసుకోండి, పోస్ట్‌జీఐఎస్ 3 నుంచి ఆ ఆర్డర్ హిల్బర్ట్ కర్వ్ ప్రకారం ఉంటుంది, అంటే మ్యాప్ మీద పక్కపక్కనున్నవి డిస్క్ మీదా పక్కపక్కనే పడతాయి, ఒక స్క్రీన్‌కి చదవాల్సిన పేజీలు తగ్గుతాయి. క్లస్టర్ కమాండ్‌తోనూ టేబుల్‌ని ఇండెక్స్ వరసలో సర్దొచ్చు గానీ అది నడిచినంతసేపు టేబుల్‌ని పూర్తిగా లాక్ చేస్తుంది, జనం వాడే టైమ్‌లో వద్దు. మార్పు చేసిన ప్రతిసారీ బఫర్స్‌లో రీడ్ (బయటి నుంచి చదివిన పేజీలు), హిట్ (పోస్ట్‌గ్రెస్ మెమరీలోనే దొరికినవి) అంకెలు ముందూ తర్వాతా పక్కన పెట్టి చూడండి, ఒకే స్క్రీన్‌తో కాదు, ఊరు నిండా డేటా ఉన్న చోట, ఏమీ లేని సముద్రం మీద, బాగా జూమ్ అవుట్ చేసి, మూడింటి మీదా.